నడిమి గొంతు

లీలారాణి తన గొంతు తాను మొదటిసారి విన్నది ఒక సోమవారం మధ్యాహ్నం, అన్నాల వేళ, తవిటమ్మ ఫోన్లో.

సాలూరులో లారీలకు సీట్లు కుట్టే గిరిబాబు షెడ్డులో ఆడవాళ్లు ఇద్దరే. తవిటమ్మ స్పాంజి కోస్తుంది, లీలారాణి రెగ్జిను కుడుతుంది. డ్రైవరు సీటుకి కుడివైపు అంచు తొందరగా అరిగిపోతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా అక్కడే పడుతుంది గనక. ఆ అంచుకి లీలారాణి రెండు వరసలు కుట్టి, లోపల గోనెపట్టీ పెట్టి, దాని మీద ఇంకో వరస వేస్తుంది. ఆ మూడో వరస పైకి కనబడదు. ఆమె కుట్టిన సీటు ఒరిస్సా ఘాటీ రోడ్లన్నీ తిరిగొచ్చినా అంచు విడదని మాత్రం డ్రైవర్లు చెప్పుకుంటారు.

"అక్కా, ఇది నువ్వేనేటి?" అంది తవిటమ్మ, ఎడం చేత్తో ఫోను చాపుతూ. కుడిచేతికి పప్పన్నం ఉంది. "మా తోడికోడలు కూతురు పంపినాది. మీ సర్సీ పాటంట. సూడు."

నలభై సెకన్ల వీడియో. ఆదివారం ఆరాధన లైవులోంచి ఎవరో ముక్క కత్తిరించి, కింద పడీ పడీ నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి వదిలారు. తెల్లచీరల్లో, తెల్లచొక్కాల్లో పాటల బృందం. ఏడుగురి నోళ్లూ తెరుచుకుంటున్నాయి గాని వినబడుతున్నది ఒక్క గొంతే. వెనక కీబోర్డు మోత. ఆ గొంతు పాటలా లేదు. పాట ఎక్కాల్సిన చోట ఎక్కడం లేదు, దిగాల్సిన చోట ఆగిపోతోంది. "ఆవలి గట్టున దీపమున్నది, ఈవలి చీకటి ఎంతసేపు" అనే చరణంలో "చీకటి" దగ్గరైతే మరీ, అన్నంలో రాయి తగిలినట్టు కటుక్కుమంది.

తవిటమ్మ మంచిదే. ఆపుకుందామని చూసింది, నవ్వొచ్చేసింది. "పాటొక దారినెల్తంటే నువ్వొక దారినెల్తన్నావేటక్కా?"

"మళ్లీ ఎట్టు" అంది లీలారాణి.

మూడుసార్లు పెట్టించుకుంది. కుట్టు మిషను చక్రం మీద చెయ్యి వేసి, ఒక్కొక్క స్వరానికీ ఒక్కొక్క వేలు కదుపుతూ లెక్క చూసుకుంది. లా, లా, సో, లా. తప్పు లేదు. నలభై ఏళ్లుగా ఎలా పాడుతోందో అలాగే ఉంది. రాయి తగిలిన మాట నిజమే. అది తన రాయి కాదని మాత్రం ఆమెకి గట్టిగా అనిపించింది. ఎవరిదో చెప్పలేకపోయింది.

"ఒక్కటీ తప్పు లేదే" అంది.

తవిటమ్మ ఈసారి దాచుకోకుండా నవ్వింది.

తవిటమ్మ తప్పేం లేదు. లోకంలో చాలామందికి పాటంటే ఒకటే పాట. లీలారాణి వాళ్ల చర్చిలో మిషన్ కాలం నుంచీ పాట ఒకటి కాదు, నాలుగు. అందరికీ తెలిసిన రాగం ఆడవాళ్లలో పై గొంతువాళ్లు పాడతారు. మగవాళ్లలో కొందరు అట్టడుగున బరువైన గొంతు వేస్తారు. మధ్యలో ఇంకో రెండు దారులు, వాటిలో ఆడవాళ్లదే నడిమి గొంతు. కృపమ్మ టీచరు ఉన్న రోజుల్లో ఆవిడ దీన్ని హార్మోనియం మీద చెప్పేది. ముందు రెండే మెట్లు నొక్కేది, కిందిదొకటి, దానికి అయిదోదొకటి.

"ఇదిగో, ఇల్లు కట్టీసినాం. గోడలున్నాయి, కప్పున్నాది. ఇది పెళ్లిల్లో సావిల్లో సెప్పండి సూద్దుం?"

ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. అప్పుడు ఆ రెండింటి నడుమ మూడోది నొక్కేది. గదిలోకి వెలుగొచ్చినట్టయ్యేది. తర్వాత ఆ నడిమి వేలొక్కటే అర మెట్టు కిందకి, పక్కనున్న నల్లదాని మీదకి జరిపేది. పైది కదలదు. కిందిది కదలదు. అయినా పిల్లలందరి మొహాలూ దిగాలు పడేవి. "మూడూ కలిస్తే అది కార్డు. అందులో నవ్వూ ఏడుపూ నడిమిదాని సేతిలో ఉన్నాయి. ఎవులు పాడతారు నడిమిది?" అని అడిగితే పద్నాలుగేళ్ల లీలారాణి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఇంతవరకూ దించలేదు.

"ఆవలి గట్టు" పాటకి నాలుగు గొంతులూ కట్టింది ఆ కృపమ్మ టీచరే. "చీకటి" అనే మాట దగ్గర రాగం డో అనే స్వరం మీద నిలబడిపోతుంది. అడుగు గొంతు ఫా మీద నిలబడిపోతుంది. నడిమి గొంతు ఒక్కటే లా మీద నుంచి అర మెట్టు దిగుతుంది. అంతే. ఆ దిగడం ఎవరికీ విడిగా వినబడదు. వినేవాళ్లకి ఊరికే గుండె బరువెక్కుతుంది, ఎందుకో తెలీదు.

అడుగు గొంతు ఏసుదానానిది. లీలారాణి భర్త. ఇదే షెడ్డులో, ఇదే బల్లకి అటుపక్క కూర్చుని రెగ్జిను కత్తిరించేవాడు. ఇద్దరూ పని చేసుకుంటూ పాడుకునేవాళ్లు, ఆయన అడుగుది, ఈమె నడిమిది. రాగం పాడేవాళ్లు మూడో మనిషి లేరు. "మీరిద్దరూ ఏ పాట పాడతారో నాకు పాతికేళ్ల నుంచీ అర్థం కాలేదు" అని గిరిబాబు ఎగతాళి చేసేవాడు. వాళ్లకి కావలసింది వాళ్లకి వినబడేది.

ఏసుదానం పోయి ఈ ఆదివారానికి ఏడాది. ఆయన తర్వాత చర్చిలో అడుగు గొంతు పాడేవాళ్లు లేకపోయారు. ఆ లోటుకే కీబోర్డు కొన్నారు. కానీ షెడ్డులో ఒక్కతే కూర్చుని లీలారాణి తన నడిమి దారి సన్నగా తీస్తే, రెండో చరణం వచ్చేసరికి కింద నుంచి ఆయన గొంతు వచ్చి కలుస్తుంది. తలచుకుంటే రాదు. ఫోటో చూస్తే రాదు. తన దారిలో తను పాడుకుంటూ పోతే, ఎప్పటిలా పక్కన తోడొస్తుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, పిచ్చి పట్టిందంటారని.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె పాడలేదు. మిషను చప్పుడొక్కటే వినిపించింది.

*

బుధవారం సాయంత్రం చర్చిలో పాటల అభ్యాసం. లీలారాణి వెళ్లేసరికి బల్లలు గోడకి జరిపి ఉన్నాయి. థామస్ కీబోర్డుకి వైర్లు పెడుతున్నాడు. బ్యాంకులో ఉద్యోగం, విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. నెమ్మదైన కుర్రాడు. లైవూ మైకులూ అన్నీ అతనే చూస్తాడు.

ఆదివారం జరిగిందేమిటో ఏసుదానం చెల్లెలు బేబీ గుమ్మం దగ్గరే చెప్పింది. "అంతా నా మెడ వల్లొచ్చినాది ఒదినా. ఫ్యాను గాలికి పట్టేస్తన్నాదని నీ సోట్లోకి జరిగినాను గదా. మైకు నా కోసం పెట్టినాడు, నీ నోటికొచ్చినాది."

బేబీది పై గొంతు. ఎప్పుడూ మైకు ఆమె ముందే ఉంటుంది. అది మామూలే, రాగం వినబడాలి కదా.

సంఘ కార్యదర్శి నారాయణమూర్తి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రిటైరైన టీచరు. కోపిష్టి కాడు, అదే కష్టం. కోపిష్టైతే తిరిగి ఓ మాటనొచ్చు.

"లీలారాణమ్మా, నువ్వేటీ అనుకోకు" అన్నాడు. "విశాపట్నంలోన, హైదరాబాదులోన ఉన్న మనోళ్లందరూ ఇప్పుడు లైవు సూస్తన్నారు. ఆ వీడియో పిల్లల కాలేజీల దాకా ఎల్లిపోయినాది. నవ్వులపాలైపోతన్నాం. ఇంక నుంచి అందరూ రాగమే పాడాల. కిందిదీ నడిమిదీ ఆ కీబోర్డు సూసుకుంటాది."

తనే మళ్లీ అందుకున్నాడు.

"ఆదివారం ఏసుదానం పేరున కూడిక పెట్టినాం. నువ్వు బృందంలోన నిలబడాల, కాదనను. నలభై ఏళ్లు నిలబడినావు. కానీ రాగం పాడాల. అది రాదంటావా, కుటుంబంతో ముందు కుర్చీలో కూర్సో. అందులోనూ తప్పేటి లేదు."

లీలారాణి కొంగు భుజం మీద నుంచి తిప్పి బొడ్లో దోపుకుంది, మిషను దగ్గర కూర్చోబోయేటప్పుడు చేసినట్టు. కీబోర్డు దగ్గరికి నడిచింది.

"బాబూ, 'చీకటి' కాడ నువ్వేటి నొక్కుతన్నావో ఒకపాలి నొక్కు."

థామస్ ఎడమచేతి వేలు ఒక్కటి వేశాడు. ఒక్క వేలికే మూడూ పలికాయి. యంత్రం అలా అమర్చుకుంటుంది. గుండ్రంగా, నిండుగా, పెళ్లికి పందిరేసినట్టు ఉంది.

"యంత్రం మీద వద్దు. నీ మూడు వేళ్లతోటి నొక్కు."

అతను ఆ అమరిక తీసేసి మూడు తెల్ల మెట్లు నొక్కాడు. ఫా, లా, డో.

"నడిమి వేలు పక్క నల్లదాని మీద ఎట్టు."

పెట్టాడు.

చిన్న హాలు. పైన ఫ్యాను తిరుగుతోంది. తెలిసిన శబ్దం వస్తే తెలిసిన మనుషుల ప్రాణం ఎలా లేచొస్తుందో, బేబీ కళ్లు అలా నిండిపోయాయి. వెనక నిలబడ్డ ముసలాయన ఒకరు "ఆఁ, అదీ" అన్నాడు మెల్లగా.

థామస్ వేళ్లు తియ్యలేదు. స్టాండు మీద ఫోన్లో పాట కింద కార్డుల పేర్లు వరసగా ఉన్నాయి. అవి ఏదో యాప్ పాట విని తనంతట తాను రాసిచ్చినవి. "చీకటి" కింద ఉన్నది నవ్వు కార్డు. ఇన్ని వారాలుగా తను తెల్లది మోగిస్తుంటే ఈవిడ నల్లది పాడుతోంది. ఆ రెండూ రాసుకున్న చప్పుడే లోకమంతా విని నవ్వింది. ఇదంతా అతనికి ఆ క్షణంలో అర్థమైపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. లీలారాణి అతని మొహంలోకే చూస్తోంది, అర్థమైందని ఆమెకీ అర్థమైంది.

"ఏటి తేలినాది బాబూ?" అన్నాడు నారాయణమూర్తి.

ఒక్క మాట చాలు. తప్పు నాదండీ అంటే చాలు. థామస్ కార్యదర్శి వైపు చూశాడు, కీబోర్డు వైపు చూశాడు. సంఘం చందాలేసుకుని అతను చెప్పిన మోడలే కొన్న కీబోర్డు.

"రెండు రకాలుగానూ వాయించొచ్చండి" అన్నాడు. "కీబోర్డుకైతే ఇదే సులువు." నడిమి వేలు మళ్లీ తెల్లదాని మీదకి జరిపాడు.

అది అబద్ధం కాదు. అబద్ధమైతే లీలారాణికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

"సరే అయితే" అందామె. "రాగమే పాడతాను."

ఎందుకు ఒప్పుకుందని బేబీ దారంతా సణిగింది. ఏసుదానం కూడికలో, ఏసుదానం నిలబడిన గచ్చు మీద, ఆయన పక్క జాగాలో తను నిలబడాలి. కుర్చీలో కూర్చుని చూసే పాట కాదది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

*

మర్నాటి నుంచి పని కాగానే బేబీ ఇంటికి వెళ్లింది. బేబీ అంగన్‌వాడీ టీచరు. అరుగు మీద చాట ముందేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"నలభయ్యేళ్లు నా పక్కన నిలబడినావు. రాగం రాదంటే ఎవులు నమ్ముతారొదినా? సర్చీ బయట బటాణీలమ్మినోడికి కూడా వచ్చును గదే ఈ పాట."

"నీ రాగం ఇంటే నాది జారిపోతాది. అందుకే నీ పక్క సెవి మూసీసుకునీదాన్ని. కింద మీ అన్నది పట్టుకుని నడిసీదాన్ని."

"అలాగని నాకెప్పుడూ సెప్పలేదు!"

"సెప్తే నీకు కోపమొస్తాదని."

బేబీకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. "మా అన్న నన్నొక్కపాలి మెచ్చుకుంటే ఒట్టు. 'నీదేటున్నాదే, అందరికీ తెలిసిందే పాడతావు' అనీవోడు. ఇప్పుడు సూడు, ఆడి పెళ్లామే నా కాడికొచ్చినాది." అని పిక్కలున్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

రాగం కష్టమైందేం కాదు. పిల్లలు పాడేస్తారు. కానీ లీలారాణి నోరు ప్రతి వరసలోనూ పాత దారిలోకే పోయేది, ఇంటికి అలవాటైన ఆవు సందు మొదట్లోనే మళ్లిపోయినట్టు. మొదటి రోజు రెండు వరసలొచ్చాయి. "చీకటి" దగ్గరకి వచ్చేసరికి గొంతు అర మెట్టు కిందకి దిగిపోయేది.

"దిగకు! నిలబడు" అని బేబీ మోకాలి మీద చరిచేది. "పాట కదల్దక్కడ. మళ్లీ."

మళ్లీ దిగేది.

"అక్కడ ఏడుపొస్తాదే బేబీ. దిగకపోతే ఎలాగ?"

"నీకొస్తాది గాని పాటకి రాదు. నిలబడు ఒదినా."

శుక్రవారం బేబీ తన గొంతు ఫోన్లో రికార్డు చేసిచ్చింది. లీలారాణి షెడ్డులో మిషను పక్కన పెట్టుకుని వంద సార్లు విన్నది. పదహారు చక్రాల బండి సీటు ఒకటి, వెనకాల పడక పరుపొకటి, ఎర్ర రెగ్జిను మీద పచ్చ పైపింగు. చక్రం తిరుగుతుంటే రాగం తిరిగింది. సూది దిగుతున్న ప్రతిసారీ తను దిగకుండా పళ్లు బిగించింది. తవిటమ్మకి కూడా పాట వచ్చేసింది, స్పాంజి కోస్తూ ఆమే ముందుగా ఎత్తుకుంటోంది.

"ఇప్పుడు బాగున్నాదక్కా" అంది తవిటమ్మ మనస్ఫూర్తిగా. "ఇప్పుడు పాటలాగున్నాది."

శనివారం సాయంత్రం బేబీ అరుగు మీద "చీకటి" అనే మాట మీద లీలారాణి కదలకుండా నిలబడింది. ఒకసారి కాదు, వరసగా అయిదుసార్లు. బేబీ చాట పక్కకి తోసి కావలించుకుంది. లీలారాణికి కూడా సంతోషమే వేసింది. దాచుకోవడం ఎందుకు, ఈ వయసులో కొత్త పని నేర్చుకున్న సంతోషం.

*

ఆదివారం కూడిక బాగా జరిగింది. బల్ల మీద ఏసుదానం ఫోటో, బంతిపూల దండ. గిరిబాబు భార్యతో వచ్చాడు. బొబ్బిలి నుంచి బంధువులొచ్చారు. పాస్టరుగారు ఏసుదానం ఓపిక గురించీ, సమయానికి రావడం గురించీ చెప్పారు. గొంతు గురించి చెప్పలేదు. ఏసుదానం పోయాక వచ్చిన పాస్టరుకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

బృందం లేచింది. లీలారాణి తన చోట్లోనే నిలబడింది. ఎడమ పక్క ఏసుదానం నిలబడే జాగాలో ఇప్పుడు స్పీకరు పెట్టె ఉంది. థామస్ ఆమె వైపు చూడలేదు. వేలు వేశాడు, పాట మొదలైంది.

ఆమె రాగం పాడింది. ఎనిమిది వరసలూ ఎక్కడా తడబడలేదు. "ఈవలి చీకటి" వచ్చింది. రాగం నిలబడింది, లీలారాణీ నిలబడింది, కీబోర్డు కింద తెల్ల మెట్లే మోగించింది. చీకటి అనే మాట దీపం అనే మాటలాగే వెలుగుతూ వెళ్లిపోయింది. ఏసుదానం చావు పాటలో దుఃఖం రావలసిన చోట దుఃఖం రాలేదు. లీలారాణి లోపల ఆశగా చూసింది, ఎవరైనా తలెత్తుతారేమోనని, ఏదో పోయిందని ఒక్కరి మొహమైనా చెబుతుందేమోనని. అందరూ పుస్తకంలోకి చూసి పాడుకుంటున్నారు. ఇది కనిపెట్టగలిగిన మనిషి ఒకడుండేవాడు. ఆయన బల్ల మీద ఫోటోలో ఉన్నాడు.

తర్వాత పులిహోర పొట్లాలూ అరటిపళ్లూ పంచారు. నారాయణమూర్తి దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "సక్కగా పాడినావమ్మా. ముందే ఇలాగ పాడుంటే అయిపోవును గదా. బుధవారం వచ్చీ."

"వస్తానండి" అంది లీలారాణి.

*

సోమవారం షెడ్డు ఖాళీగా ఉంది. తవిటమ్మ రాలేదు, మనవడికి జ్వరమట. గిరిబాబు బండి చూడ్డానికి రామభద్రపురం వెళ్లాడు. లీలారాణి సీటు అంచుకి గోనెపట్టీ పెట్టింది. ఎన్నాళ్లయింది తను తన కోసం పాడుకుని? వారం దాటింది. చక్రం తిప్పింది, సన్నగా ఎత్తుకుంది.

మొదటి చరణం అయింది. రెండో చరణం వచ్చింది. కింద నుంచి ఏమీ రాలేదు.

మిషను చప్పుడు ఎక్కువైందేమోనని కాలు తీసింది. మళ్లీ ఎత్తుకుంది. అప్పుడు తెలిసింది, తను పాడుతున్నది రాగం. ఏసుదానం రాగానికి ఎప్పుడూ తోడు రాలేదు. రాగం పాడేది ఆయన చెల్లెలు, మిగతా లోకం. ఆయన వచ్చేది నడిమి దారికి.

సరే, నడిమిదే పాడుదామని నోరు తెరిచింది. లా, లా, సో. నాలుగో స్వరానికి గొంతు తనంతట తానే రాగంలోకి ఎక్కిపోయింది. దించింది. మళ్లీ ఎక్కింది. వంద సార్లు ఫోన్లో విన్నది ఊరికే పోతుందా? మొదటి వరస ఎలాగో పట్టుకున్నా "చీకటి" దగ్గర రాగం వచ్చి నోట్లో కూర్చుంది. మోకాలి మీద బేబీ చరిచినట్టే ఉంది, దిగకు, నిలబడు.

భోజనం డబ్బా విప్పకుండా ఆమె సాయంత్రం దాకా ప్రయత్నించింది. కుట్టు వరస ఒకటి వంకరపోయింది. విప్పి మళ్లీ కుట్టింది. కుట్టు విప్పడం ఆమెకి తెలుసు.

*

మంగళవారం మధ్యాహ్నం థామస్ వచ్చాడు. బ్యాంకు ఐడీ కార్డు మెడలోనే ఉంది, బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు.

"ఆంటీ, నాదే తప్పు" అన్నాడు నిలబడే. "ఆ యాప్‌లో ఉన్నది చూసి వాయించేశాను. మీది కరెక్టు. బుధవారమే తెలిసింది నాకు. చెప్పలేకపోయాను."

లీలారాణి దారం కొరికింది. "తెలిసినాదని నాకూ తెలుసును బాబూ."

"ఆదివారం వీడియో ఇంటికెళ్లి విన్నాను. ఆ చోట ఏమీ లేదాంటీ. ఉత్త సందడి. నిన్న మూర్తిగారికి మొత్తం చెప్పేశాను, తిట్టారు. ఆ వీడియో కింద కూడా రాశాను, తప్పు కీబోర్డుదని. రేపటి నుంచి మీరు నడిమిదే పాడాలి. మూర్తిగారే చెప్పమన్నారు."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏసుదానం కూర్చునే స్టూలు. ఆ సంగతి అతనికి తెలీదు.

"టీచరుగారి కాగితాల కోసం బీరువా అంతా వెతికించాను. చెదలు తినేశాయి. నడిమి గొంతు ఎక్కడా రాసి లేదు. మీకు ఒక్కరికే వచ్చు. మీరు పాడితే రికార్డు చేసి రాసుకుంటాను. ఎవరైనా పిల్లలకి నేర్పొచ్చు." ఫోను తీసి మిషను బల్ల మీద పెట్టాడు. "అడుగుది నేను పాడతానాంటీ. కార్డుల్లో కింది స్వరాలు పట్టుకుని మూడు రోజులై నేర్చుకుంటున్నాను. మీకు ఊతంగా ఉంటుంది."

అతని మొహంలో ఎంత నిజాయితీ ఉందంటే ఆమెకి జాలేసింది. వద్దనలేకపోయింది. తవిటమ్మ స్పాంజి కత్తి పక్కన పెట్టి వింటోంది.

థామస్ కిందగా అందుకున్నాడు. గొంతు లేతదే గాని దారి తప్పలేదు. అవే అడుగులు, అక్కడే ఆగడం. లీలారాణి కళ్లు మూసుకుంది. వారం రోజుల తర్వాత కింద ఎవరో ఉన్నారు. మొదటి వరస తన దారిలోనే నడిచింది. రెండోది కూడా నడిచింది, పట్టుకుని, చెయ్యి వదిలితే పడిపోయేదానిలా. చేతివేళ్లు రెగ్జిను అంచుని నొక్కి పట్టాయి.

ఈవలి చీకటి.

థామస్ ఫా మీద నిలబడ్డాడు. లీలారాణి గొంతు డో మీదకి ఎక్కి నిలబడిపోయింది. పైన ఒకటి, కింద ఒకటి, నడుమ ఏమీ లేదు. అతను ఊపిరి అందినంతసేపూ ఆ స్వరం పట్టి ఉంచాడు, ఆమె దిగుతుందేమోనని. ఆమె దిగలేదు.

అతను ఆగాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే, అలాగే అయింది. మూడోసారి కూడా.

"ఆంటీ" అన్నాడు, ఎవరికీ వినబడకూడదన్నట్టు మెల్లగా. "అక్కడ దిగాలి కదా."

"దిగాల" అంది లీలారాణి. "దిగలేకపోతన్నాను బాబూ."